ఒకే కమాండ్, వేరు వేరు దారులు: రౌటర్ల ఆపరేటింగ్ సిస్టమ్‌లు నేర్చుకోవడంలో అసలు చిక్కు

2014 డిసెంబరులో సిస్కో కంపెనీ అరిస్టా అనే మరో కంపెనీ మీద అమెరికాలో దావా వేసింది. ఆ దావాలో ఒక ముఖ్య భాగం మాటల గురించి. నెట్‌వర్కులో డేటాను చేరవేసే స్విచ్చులను, రౌటర్లను నడపడానికి ఇంజనీర్లు టైపు చేసే కమాండ్లలో 500కు పైగా తమ దగ్గరి నుంచి ఎత్తుకున్నవేనని సిస్కో ఆరోపణ. అరిస్టాను నడిపే పెద్దల్లో చాలామంది ఒకప్పుడు సిస్కోలో పనిచేసినవారే కాబట్టి ఆ గొడవకు దాయాదుల తగాదా వేడి కూడా తోడైంది. 2016 డిసెంబరులో శాన్ హోసే కోర్టులో జ్యూరీ అరిస్టాకు అనుకూలంగా తేల్చింది. అక్కడ అరిస్టాను గట్టెక్కించిన న్యాయసూత్రాన్ని మన జానపద కథలతో చెప్పుకుంటే తేలికగా అర్థమవుతుంది. జానపద కథ అన్నాక రాకుమారి ఉంటుంది, మాంత్రికుడు ఉంటాడు, వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. చిలకను వాడుకున్నంత మాత్రాన ఒకరి కథను మరొకరు దొంగిలించినట్టు కాదు. ఆ రకం కథకు అది తప్పనిసరి సరంజామా. కమాండ్ల మాటలు కూడా అలాంటి సరంజామాయేనన్న వాదనను జ్యూరీ ఒప్పుకుంది. చివరికి 2018 ఆగస్టులో, పేటెంట్ల తగువులతో కలిపి, అరిస్టా 40 కోట్ల డాలర్లు కట్టి రాజీపడింది.

నెట్‌వర్క్ పని నేర్చుకునేవారు ఈ కేసు నుంచి మరో సంగతి గ్రహించాలి. ఇంత పోలిక ఉందని కోర్టుకెక్కిన ఆ రెండు కంపెనీల బాక్సుల్లో ఒకే కాన్ఫిగరేషన్‌ను, అంటే ఆదేశాల జాబితాను, అక్షరం మార్చకుండా ఎక్కించి చూడండి. కొన్ని సందర్భాల్లో అదే ప్యాకెట్ (డేటా ముక్క) ఒకదాంట్లో తూర్పుకు వెళుతుంది, రెండోదాంట్లో పడమరకు వెళుతుంది. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి రాగానే చాలామంది మొదట వెతికేది అనువాద పట్టిక. సిస్కోలో 'షో' అంటే హువావేలో 'డిస్‌ప్లే', ఇక్కడ 'నో' అంటే అక్కడ 'అన్‌డూ', జూనిపర్‌లో 'డిలీట్', మైక్రోటిక్‌లో చూడాలంటే 'ప్రింట్'. ఇలాంటి పట్టికలు నా దగ్గరా కొన్ని ఉండేవి. గోడకు అంటించుకున్నాను కూడా. వాటివల్ల నష్టం లేదు కానీ అవి చూపించేది చిక్కులోని తేలిక భాగాన్ని మాత్రమే. ఉత్తరాంధ్రలో ఆనపకాయ అన్నదాన్నే మరోచోట సొరకాయ అంటారని తెలుసుకోవడానికి ఒక్క సంత చాలు. కూర ఎలా వండుతారన్నది వేరే సంగతి. నా అనుభవంలో ఇంజనీర్లను ముంచేవి మూడు: కమాండ్ ఎప్పుడు అమల్లోకి వస్తుంది, తెలిసిన మాటే అక్కడ ఏ అర్థంలో ఉంది, మనం ఏమీ చెప్పకపోతే ఆ బాక్సు తనంతట తాను ఏమనుకుంటుంది. ఈ మూడింటి గురించి అనువాద పట్టికలు నోరు విప్పవు.

ఇన్ని ఎందుకు పుట్టాయి

ముందు కొంచెం వంశవృక్షం చూడాలి, ఎందుకంటే ప్రతి సిస్టమ్ స్వభావమూ అది పుట్టిన కాలంలోని అవసరం నుంచి వచ్చింది.

సిస్కో 1984లో మొదలైంది. లియొనార్డ్ బొసాక్, శాండీ లెర్నర్ ఇద్దరూ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం మనుషులు. వాళ్ల రౌటర్ సాఫ్ట్‌వేర్‌కు మూలం కూడా అక్కడ విలియం యేగర్ రాసినదే. ఆ సాఫ్ట్‌వేర్‌కు 1987లో స్టాన్‌ఫర్డ్ లైసెన్సు ఇచ్చింది. అదే పెరిగి పెద్దదై ఐఓఎస్ అయింది. ఆపిల్ ఫోనులోని ఐఓఎస్‌తో దీనికి చుట్టరికం లేదు. పేరు మాత్రం 2010లో ఆపిల్ సిస్కో దగ్గర అనుమతి తీసుకుని వాడుకుంటోంది. పాత ఐఓఎస్ గోడలు లేని ఒకే హాలులాంటిది. రౌటింగ్ లెక్కలు, ఇంటర్‌ఫేస్‌లు, మీరు లాగిన్ అయిన సెషన్ అన్నీ ఒకే మెమరీలో కలిసి కాపురం చేస్తాయి. ఒక మూల ఒకరు కింద పడితే హాలంతా కూలుతుంది, అంటే బాక్సు మొత్తం రీబూట్ అవుతుంది. మెమరీ ఖరీదుగా ఉన్న రోజుల్లో అది తెలివైన ఏర్పాటే.

1996లో ప్రదీప్ సింధు స్థాపించిన జూనిపర్ ఈ హాలును గదులుగా విడదీసింది. 1998లో వచ్చిన ఎం40 రౌటర్‌లో దారులు లెక్కకట్టే భాగం వేరు, ప్యాకెట్లను తోసే భాగం వేరు. దాని ఆపరేటింగ్ సిస్టమ్ జూనోస్‌ను ఫ్రీబీఎస్‌డీ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీద కట్టారు. రౌటింగ్ ప్రక్రియ ఒకటి పడిపోయినా మిగిలినవి నిలబడతాయి. ఇంటర్నెట్ సర్వీసు కంపెనీలకు కావలసింది అదే.

సిస్కో ఊరుకోలేదు, కానీ ఒకే జవాబు ఇవ్వలేదు. భారీ రౌటర్లకు 2004లో సీఆర్ఎస్-1తో పాటు ఐఓఎస్ ఎక్స్ఆర్ వచ్చింది. మొదట క్యూఎన్ఎక్స్ అనే చిన్న కెర్నెల్ (సిస్టమ్ మూల భాగం) మీద నడిచి, తరువాత లైనక్స్‌కు మారింది. డేటా సెంటర్లకు 2008లో నెక్సస్ 7000తో ఎన్ఎక్స్-ఓఎస్ వచ్చింది. దాని పుట్టిల్లు స్టోరేజీ స్విచ్చుల్లో వాడిన శాన్-ఓఎస్. ఇక ఐఓఎస్ ఎక్స్ఈ ఉంది. కింద లైనక్స్ పునాది వేసి, పాత ఐఓఎస్‌ను అందులో ఒక ప్రక్రియగా కూర్చోబెట్టారు. కొత్త అపార్టుమెంటులో పాత తాతగారు అదే కుర్చీలో, అదే పేపరుతో కూర్చున్నట్టు ఉంటుంది. ఇంతకంటే ముందు, 1993లో క్రెసెండో అనే కంపెనీని కొన్నప్పుడు వచ్చిన క్యాట్ఓఎస్ కథ వేరు. ఒకే చాసిస్‌లో, అంటే ఒకే పెట్టెలో, స్విచింగ్‌కు క్యాట్ఓఎస్, రౌటింగ్‌కు ఐఓఎస్ నడిచిన రోజులున్నాయి. కాబట్టి 'నాకు సిస్కో వచ్చు' అని ఎవరైనా అంటే, ఏ సిస్కో అని అడగడం వెటకారం కాదు.

అరిస్టా ఈఓఎస్ లైనక్స్ మీద పుట్టింది. దాని నడుమ సిస్‌డీబీ అనే డేటాబేస్ ఉంటుంది. ప్రక్రియలు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోవు, తమ స్థితిని అందులో రాసి, పక్కవాటి స్థితిని అందులోనే చదువుతాయి. మైక్రోసాఫ్ట్ 2016లో బయటపెట్టిన సోనిక్ కూడా ఇంచుమించు ఇదే దారి. అందులో ఆ డేటాబేస్ రెడిస్. 2022 నుంచి అది లైనక్స్ ఫౌండేషన్ గొడుగు కింద ఉంది. హువావేకు వీఆర్‌పీ, నోకియాకు ఎస్ఆర్ ఓఎస్, లాట్వియా రాజధాని రీగాలో పుట్టిన మైక్రోటిక్‌కు లైనక్స్ మీద కట్టిన రౌటర్ఓఎస్. మన ఊళ్లలో కేబుల్ టీవీ నుంచి ఇంటర్నెట్‌లోకి దిగిన చిన్న ఆపరేటర్ల గదుల్లో మీకు ఎక్కువగా ఎదురయ్యేది ఆఖరిదే. ఖరీదు తక్కువ, చేయగలిగినవి చాలా ఎక్కువ.

ఇక్కడ ఒక సంగతి చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. ఒక దశలో సిస్కో నెక్సస్ 3064, అరిస్టా 7050, జూనిపర్ క్యూఎఫ్ఎక్స్ 3500 మూడింటి లోపలా ప్యాకెట్లను తోసింది బ్రాడ్‌కామ్ కంపెనీ ట్రైడెంట్ కుటుంబానికి చెందిన చిప్పులే. మూడు కంపెనీలు, మూడు ధరలు, మూడు భాషలు, లోపల ఒకే వంశం గుండె. తేడా అంతా ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే ఉంది.

ఎంటర్ కొట్టాక ఏం జరుగుతుంది

ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది, ఒక రాత్రి పదకొండు దాటాక, నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక స్విచ్చులో చిన్న మార్పు చేయాల్సి వచ్చింది. ఒకే స్విచ్చును విడివిడి నెట్‌వర్కులుగా చీల్చే వీలాన్‌ల గురించి వినే ఉంటారు. చాలా వీలాన్‌లను ఒకే తీగ మీద మోసే పోర్టును ట్రంక్ అంటాం. ఆ ట్రంక్ మీద అప్పటికే పది, ఇరవై నంబర్ల వీలాన్‌లు వెళుతున్నాయి, ముప్పైని కూడా చేర్చాలి. నేను 'స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ 30' అని కొట్టి ఎంటర్ నొక్కాను. మధ్యలో 'యాడ్' అనే మూడక్షరాల ఇంగ్లీషు మాట ఉండాలి. అది లేకపోతే ఆ బాక్సు 'ముప్పైని కూడా' అని కాకుండా 'ముప్పై మాత్రమే' అని అర్థం చేసుకుంటుంది. ఆ ట్రంక్ మీదే, ఇరవై నంబరు వీలాన్‌లో, నా సెషన్ కూడా ఉంది. తెర మీద కర్సర్ ఆగిపోయింది. బాక్సుకు నేరుగా తగిలించే కన్సోల్ కేబుల్ సంచిలో వేసుకుని ఆ రాత్రి స్కూటర్ మీద వెళ్లాను. ఈ తప్పు చేయని ఇంజనీరు ఉంటే, ఆయన ఇంకా ట్రంక్ జోలికి వెళ్లలేదని అర్థం.

ఐఓఎస్ తరహా బాక్సుల్లో ఎంటర్ నొక్కిన క్షణమే ఆ లైను ప్రాణం పోసుకుంటుంది. అయితే అది నడుస్తున్న కాన్ఫిగరేషన్‌లోకి మాత్రమే వెళుతుంది, నిల్వ ఉన్న దానిలోకి కాదు. కరెంటు పోయి వస్తే మార్పు మాయం. ఈ రెండింటి మధ్య సందునే పాతకాలపు ఇంజనీర్లు కవచంగా వాడుకున్నారు. ప్రమాదకరమైన మార్పుకు ముందు 'రీలోడ్ ఇన్ 10' అని కొడతారు. పది నిమిషాల్లో బాక్సు దానంతట అదే రీబూట్ అవుతుంది. మీరు బయట చిక్కుకుపోతే, అది పాత కాన్ఫిగరేషన్‌తో లేచి మిమ్మల్ని మళ్లీ లోపలికి రానిస్తుంది. అంతా బాగుంటే రీలోడ్‌ను రద్దుచేసి సేవ్ చేస్తారు. మొరటు పద్ధతే, కానీ పనిచేస్తుంది.

ఇదే అలవాటును మైక్రోటిక్ మీదకు తీసుకెళ్లారనుకోండి. అక్కడ నడిచేది వేరు, నిల్వ ఉన్నది వేరు అనే విభజనే లేదు. మీరు కొట్టిన ప్రతి లైనూ ఆ క్షణమే అమలై, ఆ క్షణమే శాశ్వతంగా నిల్వ అవుతుంది. పదిసార్లు రీబూట్ చేసినా మీ తప్పు పదకొండోసారి కూడా నవ్వుతూ లేస్తుంది. దానికి కవచం వేరు: కంట్రోల్, ఎక్స్ కలిపి నొక్కితే సేఫ్ మోడ్‌లోకి వెళుతుంది. ఆ తరువాత మీ సెషన్ తెగిపోతే, కాసేపటికి ఆ మార్పులన్నిటినీ అదే వెనక్కి తీసుకుంటుంది. సేఫ్ మోడ్ తెలియకుండా దూరం నుంచి మైక్రోటిక్‌ను ముట్టుకోవడం నా దృష్టిలో సాహసం కాదు, అజాగ్రత్త.

జూనోస్‌లో లోకమే వేరు. మీరు కొట్టే కమాండ్లన్నీ ఒక చిత్తుప్రతిలోకి వెళతాయి. బాక్సు పాత తీరులోనే నడుస్తూ ఉంటుంది. 'షో | కంపేర్' కొడితే చిత్తుప్రతికీ అసలుకీ తేడా ఏమిటో కూడికలు, తీసివేతల గుర్తులతో చూపిస్తుంది. 'కమిట్ చెక్' కొడితే తప్పులున్నాయేమో పరిశీలిస్తుంది. 'కమిట్' అన్నప్పుడే మార్పులన్నీ ఒక్కసారిగా అమల్లోకి వస్తాయి. పాత ప్రతులు సున్నా నుంచి నలభై తొమ్మిది దాకా, మొత్తం యాభై, దాని దగ్గర ఉంటాయి. 'రోల్‌బ్యాక్ 1' కొట్టి మళ్లీ కమిట్ చేస్తే నిన్నటి స్థితి వస్తుంది. 'కమిట్ కన్ఫర్మ్‌డ్' అంటే మార్పు అమలవుతుంది, కానీ పది నిమిషాల్లో మీరు మళ్లీ కమిట్ కొట్టి ఖాయం చేయకపోతే అదే వెనక్కి వెళుతుంది. ఆ రాత్రి నా ముందున్నది జూనిపర్ స్విచ్ అయి, నేను ఈ కమాండ్ కొట్టి ఉంటే స్కూటర్ తీసే పని ఉండేది కాదు.

జూనోస్ మీద ప్రేమ పెంచుకున్నవారు దాచిపెట్టే సంగతి ఒకటుంది. మామూలుగా ఆ చిత్తుప్రతి అందరిదీ. పొద్దున మీ సహోద్యోగి సగం పని చేసి, కమిట్ చేయకుండా భోజనానికి వెళ్లాడు. మధ్యాహ్నం మీరు ఒక్క లైను మార్చి కమిట్ కొట్టారు. అతని సగం పని కూడా మీ పేరు మీదే అమల్లోకి వచ్చేస్తుంది. లోపలికి వెళ్లేటప్పుడే 'కాన్ఫిగర్ ప్రైవేట్' లేదా 'కాన్ఫిగర్ ఎక్స్‌క్లూజివ్' అనడం అలవాటు చేసుకోవాలి. కమిట్ ముందు 'షో | కంపేర్' చూడకుండా వదిలేవారి మీద నాకు ఎన్నడూ నమ్మకం కుదరలేదు.

మిగిలినవి ఈ రెండు ధ్రువాల మధ్య ఉంటాయి. ఐఓఎస్ ఎక్స్ఆర్‌లో మాటలు సిస్కోవే, పద్ధతి మాత్రం కమిట్‌ది. కమిట్ మరిచిపోయి 'నేను మార్చినా ఏమీ జరగలేదే' అని తల పట్టుకోవడం అక్కడికి కొత్తగా వెళ్లినవారి మొదటి రోజు తంతు. అరిస్టా మామూలుగా వెంటనే అమలుచేస్తుంది, కావాలనుకుంటే 'కాన్ఫిగర్ సెషన్' అనే చిత్తుప్రతి దారి కూడా ఇస్తుంది. హువావే పాత స్విచ్చుల్లో ఎంటర్‌తోనే అమలు. డేటా సెంటర్‌కు వాడే క్లౌడ్‌ఇంజిన్ స్విచ్చుల్లో కమిట్ కావాలి. అక్కడ కమాండ్ కొట్టే చోట కనిపించే ప్రాంప్టును గమనిస్తే చాలు: పేరు ముందు వంకర గీత ఉంటే అంతా అమల్లో ఉన్నట్టు, నక్షత్రం గుర్తు వస్తే కమిట్ కాని మార్పులు ఉన్నట్టు. ఒకే కంపెనీ, ఒకే వీఆర్‌పీ పేరు, రెండు పద్ధతులు.

అవసరం అనే మాట సంగతి

బెంగళూరులో ఉద్యోగానికి వెళ్లిన తెలుగువారికి 'అవసర' అనే కన్నడ మాట తొలి రోజుల్లో తమాషా చేస్తుంది. మనకు అవసరం అంటే కావలసినది. వాళ్లకు అది తొందర. పూర్తిగా తెలియని మాట అయితే అడిగి తెలుసుకుంటాం. తెలిసినట్టు కనిపించే మాటే మోసం చేస్తుంది.

ట్రంక్ అలాంటి మాట. సిస్కోలో ట్రంక్ అంటే చాలా వీలాన్‌లను మోసే పోర్టు అని చెప్పుకున్నాం. హెచ్‌పీ ప్రోకర్వ్ స్విచ్చుల్లో ట్రంక్ అంటే రెండు మూడు తీగలను కలిపి ఒక లావు తీగలా వాడుకోవడం. సిస్కో అలవాటుతో వచ్చిన మనిషి 'ఈ పోర్టును ట్రంక్ చెయ్యి' అంటే, ప్రోకర్వ్ అలవాటున్న మనిషి రెండు పోర్టులను కట్టగడతాడు. ఇద్దరూ తమ పని సరిగ్గా చేశామనే అనుకుంటారు. హువావే ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడ పోర్టు రకం ట్రంక్ అంటే సిస్కో అర్థమే, కానీ తీగల కట్టకు పెట్టిన పేరు ఈత్-ట్రంక్. ఈత్-ట్రంక్‌ను ట్రంక్ రకంగా పెట్టు అన్న వాక్యం అక్కడ తప్పు కాదు, రోజువారీ పని.

వీలాన్ ఇచ్చే తీరు కూడా తలకిందులవుతుంది. సిస్కో, అరిస్టా పోర్టు దగ్గరకు వెళ్లి 'నువ్వు ఏ వీలాన్‌లో ఉన్నావు' అని రాస్తాయి. ప్రోకర్వ్ వీలాన్ దగ్గరకు వెళ్లి 'నీలో ఏ పోర్టులున్నాయి' అని రాస్తుంది. బడి రిజిస్టరు రాసే రెండు పద్ధతుల్లాంటివి ఇవి: పిల్లవాడి పేరు ఎదురుగా తరగతి రాయడం ఒకటి, తరగతి కింద పిల్లల పేర్లన్నీ రాయడం మరొకటి. సమాచారం ఒకటే. కానీ ఒక పోర్టును ఒక వీలాన్ నుంచి ఇంకోదానికి మార్చమన్నప్పుడు మీ చెయ్యి వెళ్లే చోటు మారుతుంది.

చెప్పకపోతే ఏమనుకుంటుంది

మూడింటిలో ఇదే లోతైనది, కాన్ఫిగరేషన్‌లో ఎక్కడా కనిపించనిదీ ఇదే. కాగితం మీద లేని లైనును ఎవరు తనిఖీ చేస్తారు?

రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతులను ప్రోటోకాల్‌లు అంటాం. ఒకే గమ్యానికి రెండు ప్రోటోకాల్‌లు రెండు దారులు చెబితే రౌటర్ ఎవరి మాట నమ్మాలి? ఇందుకోసం ప్రతి ప్రోటోకాల్‌కూ ఒక అంకె ఉంటుంది. చిన్న అంకె ఉన్నదాని మాట చెల్లుతుంది. సిస్కో దీన్ని డిస్టెన్స్ అంటుంది, జూనిపర్, హువావే ప్రిఫరెన్స్ అంటాయి. ప్రిఫరెన్స్ అన్న మాట వింటే ఎక్కువ ఉన్నదే గెలుస్తుందని ఎవరికైనా అనిపిస్తుంది. గెలిచేది తక్కువ ఉన్నదే. పేరు పెట్టినవారి తెలివికి ఒక నమస్కారం పెట్టి ముందుకు వెళదాం.

ఐఓఎస్‌లో మనం చేత్తో రాసిన స్టాటిక్ దారికి 1, బయటి సంస్థల నుంచి దారులు తెచ్చే ఈబీజీపీకి (బీజీపీ ప్రోటోకాల్‌లో ఒక రకం) 20, సంస్థ లోపలి దారులు చెప్పే ఓఎస్‌పీఎఫ్‌కు 110. జూనోస్‌లో స్టాటిక్‌కు 5, లోపలి ఓఎస్‌పీఎఫ్‌కు 10, బీజీపీకి 170. హువావేలో ఓఎస్‌పీఎఫ్‌కు 10, స్టాటిక్‌కు 60, బీజీపీకి 255.

హువావే వరుసను ఇంకోసారి చూడండి. ఒక బ్రాంచి ఆఫీసుకు అద్దెకు తీసుకున్న మంచి లైను మీద స్టాటిక్ దారి రాసి, అది పోతే ఓఎస్‌పీఎఫ్ చెప్పే సన్నని దారి అందుకోవాలని సిస్కో రౌటర్‌లో ఏర్పాటు చేశారు. ఏళ్ల తరబడి బాగా నడిచింది. రౌటర్ పాతబడింది, హువావే వచ్చింది. కాన్ఫిగరేషన్‌ను పట్టిక చూసి ఒక్క లైను కూడా వదలకుండా అనువదించారు. ఇప్పుడు ఓఎస్‌పీఎఫ్ అంకె 10, స్టాటిక్ అంకె 60. ట్రాఫిక్ అంతా మొదటి నిమిషం నుంచే సన్నని దారిలో వెళుతుంది. ఏ లైనూ డౌన్ కాలేదు, ఏ అలారమూ మోగదు. సాయంత్రానికి 'నెట్ నెమ్మదిగా ఉంది' అని ఫిర్యాదు వస్తుంది. అనువాదంలో తప్పు వెతుకుతారు, కానీ అనువాదం తప్పు లేకుండానే ఉంది.

మొదట్లో వాయిదా వేసిన అరిస్టా సంగతి కూడా ఇదే. ఈఓఎస్‌లో ఓఎస్‌పీఎఫ్‌కు సిస్కోలాగే 110. ఈబీజీపీకి మాత్రం 20 కాదు, 200. ఒకే గమ్యం ఈబీజీపీ ద్వారా ఒకవైపు నుంచి, ఓఎస్‌పీఎఫ్ ద్వారా మరోవైపు నుంచి తెలిస్తే, సిస్కో ఈబీజీపీ వైపు తిరుగుతుంది, అరిస్టా ఓఎస్‌పీఎఫ్ వైపు తిరుగుతుంది. జ్యూరీ ముందు పెట్టిన ఆ 500 కమాండ్లను వరుసగా చదివినా ఈ తేడా కనిపించదు.

ఓఎస్‌పీఎఫ్ లోపలే ఇంకో గొయ్యి ఉంది. లింకు వేగాన్ని బట్టి దాని ఖర్చు లెక్కకట్టడానికి ఒక కొలబద్ద వేగం ఉంటుంది. ఐఓఎస్‌లో అది సెకనుకు 100 మెగాబిట్లు. దాంతో 100 మెగాబిట్ల లింకుకైనా, 10 గిగాబిట్ల లింకుకైనా ఖర్చు ఒకటే, 1. ఎన్ఎక్స్-ఓఎస్‌లో కొలబద్ద 40 గిగాబిట్లు, కాబట్టి 10 గిగాబిట్ల లింకు ఖర్చు 4. రెండూ కలిసిన నెట్‌వర్కులో పాత రౌటర్ తన ఎద్దుబండి దారిని 1 అని చాటుకుంటుంది, కొత్త నెక్సస్ తన నాలుగు వరుసల రోడ్డును 4 అని నిజాయితీగా చెబుతుంది. రెండూ ఒకే కంపెనీవి. అన్నట్టు, ఎన్ఎక్స్-ఓఎస్‌లో 'ఫీచర్ ఓఎస్‌పీఎఫ్' అని ముందుగా తలుపు తీయకపోతే ఓఎస్‌పీఎఫ్ కమాండ్లు అసలు ఉన్నట్టే కనిపించవు. అది మాత్రం మంచి పద్ధతే, కనీసం తప్పును మొహం మీదే చెబుతుంది.

బీజీపీ విషయంలో మర్యాదలే వేరు. పాత ఐఓఎస్‌లో పొరుగు రౌటర్ చిరునామా, దాని నెట్‌వర్కు నంబరు రాస్తే చాలు, అది చెప్పినదంతా వింటుంది, తనకు తెలిసిన బీజీపీ దారులన్నీ చెబుతుంది. ఐఓఎస్ ఎక్స్ఆర్‌లో ఈబీజీపీ పొరుగుకు ఏది వినాలో, ఏది చెప్పాలో ఒక పాలసీ రాసిపెట్టే దాకా ఒక్క దారి కూడా అటూ ఇటూ కదలదు. సెషన్ మాత్రం చక్కగా లేచి నిలబడి ఉంటుంది. ఈ రెండో పద్ధతే క్షేమమని 2017లో 8212 నంబరు ఆర్ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణపత్రం) ఖాయం చేసింది. ఉచితంగా దొరికే ఎఫ్ఆర్ఆర్ అనే రౌటింగ్ సాఫ్ట్‌వేర్ కూడా ఇప్పుడు మామూలుగా ఆ దారిలోనే ఉంది.

ప్రమాణాలు రాసే స్థాయిలోనే దారులు చీలిన సందర్భాలూ ఉన్నాయి. దూరంగా ఉన్న ఆఫీసులను ఒకే స్విచ్చుకు తగిలించినట్టు కలిపే వీపీఎల్ఎస్ సేవకు 2007 జనవరిలో రెండు ప్రమాణాలు పక్కపక్క నంబర్లతో వచ్చాయి. బీజీపీని వాడే 4761 జూనిపర్ వైపు నుంచి, ఎల్‌డీపీ అనే మరో ప్రోటోకాల్‌ను వాడే 4762 అల్కాటెల్ కంపెనీ వైపు నుంచి. మొదటిదాని సంపాదకుల్లో కిరీటి కొంపెల్ల, రెండోదాని సంపాదకుల్లో వాచ్ కొంపెల్ల ఉన్నారు. ప్రపంచమంతా రెండుగా చీలి వాదించుకున్న ఒక సాంకేతిక చర్చలో రెండు వైపులా మన తెలుగు ఇంటిపేరే ఉండటం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

మరి నేర్చుకునేది ఎలా

అమీర్‌పేటలో బోర్డులు చూసి చేరే కుర్రవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: ఏ కంపెనీది నేర్చుకుంటే ఉద్యోగం వస్తుంది? ఐఓఎస్ తరహాతో మొదలుపెట్టడం తప్పు కాదు, చాలా బాక్సులు ఆ యాసలోనే మాట్లాడతాయి. కానీ రెండోదిగా అరిస్టా తీసుకోవద్దని నా సలహా. అది తేలికగా వస్తుంది, అందుకే ఏమీ నేర్పదు. రెండోదిగా జూనోస్ తీసుకోండి. మొదటి రెండు వారాలు చిరాకు పుడుతుంది. పోర్టుల నంబర్లు సున్నా నుంచి మొదలవుతాయి, ప్రతి ఇంటర్‌ఫేస్ కింద యూనిట్ అని ఇంకో మెట్టు ఉంటుంది, సిస్కోలో చేతికి అలవాటైన 'రీడిస్ట్రిబ్యూట్' మాటే ఉండదు. దాని బదులు, ఏ దారి ఎవరికి చెప్పాలో మీరే పాలసీగా రాయాలి. ఆ చిరాకులోనే ఇన్నాళ్లూ ఐఓఎస్ మీ తరఫున నిశ్శబ్దంగా తీసుకున్న నిర్ణయాలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. మూడోదిగా ఏ కంపెనీదీ కాదు, లైనక్స్. ఇప్పుడు ఈ బాక్సుల్లో చాలావాటి కింద ఉన్నది అదే.

సాధనకు డబ్బు పెద్దగా అక్కర్లేదు. కంటైనర్‌ల్యాబ్ అనే ఉచిత సాధనంతో ఒక మోస్తరు ల్యాప్‌టాప్‌లోనే నెట్‌వర్కు కట్టుకోవచ్చు. నోకియా ఎస్ఆర్ లైనక్స్, ఎఫ్ఆర్ఆర్ ఉచితం. అరిస్టా ఈఓఎస్‌కు కంటైనర్ రూపమైన సీఈఓఎస్ పేరు నమోదు చేసుకుంటే దొరుకుతుంది, జూనిపర్ వీజూనోస్‌ను ల్యాబుల కోసం ఉచితంగానే ఇస్తోంది. రౌటర్ఓఎస్‌ను బాక్సు లేకుండా నడిపే మైక్రోటిక్ సీహెచ్ఆర్ ఉచిత లైసెన్సులో వేగం 1 మెగాబిట్ దగ్గర ఆగుతుంది, నేర్చుకోవడానికి అది చాలు.

మొదటి సాధనగా ఇది చేయండి. ఎఫ్ఆర్ఆర్, అరిస్టా, జూనోస్ మూడు రౌటర్లు పెట్టండి. ప్రతిదానికీ 10.50.0.0/16 అనే గమ్యం ఒకవైపు నుంచి ఈబీజీపీ ద్వారా, మరోవైపు నుంచి ఓఎస్‌పీఎఫ్ ద్వారా తెలిసేలా కట్టండి. అంకెలేవీ మార్చవద్దు, పాలసీలేవీ రాయవద్దు. ఏ రౌటర్ ఏ దారి పడుతుందో ముందే ఒక కాగితం మీద రాసుకుని, తరువాత మూడింటి రౌటింగ్ పట్టికలూ చూడండి. అరిస్టా, జూనోస్ రెండూ ఓఎస్‌పీఎఫ్ వైపే ఉంటాయి, కానీ వేరు వేరు అంకెలతో. ఈబీజీపీకి 20 ఇచ్చే ఎఫ్ఆర్ఆర్ ఈబీజీపీ వైపు ఉంటుందని మీరు రాసుకుని ఉంటారు. సెషన్ లేచే ఉంటుంది, ఈబీజీపీ దారి మాత్రం పట్టికలో కనిపించదు. కేబుల్ ఊడిందేమో అని చూడకండి. ఆ ల్యాబులో కేబుల్ లేదు.